ఒక బొక్క ఫ్లాపీ

నరసరావుపేటలో అబ్దుల్ రహీమ్‌ని ఎరిగినవాళ్లు రెండు రకాలు. ఇంట్లో పాత ఫ్లాపీ ఉందని ఒప్పుకున్నవాళ్లు, లేదని ఒట్టు పెట్టినవాళ్లు. మూడో రకం లేదు. మనిషి ఎదురుపడితే లోకమంతా ‘బాగున్నారా’ అంటుంది. రహీమ్ ‘మీ ఇంట్లో పాత ఫ్లాపీ ఉందా?’ అంటాడు. బాగున్నారా లేదా అన్నది ఆ తర్వాత, తీరికుంటే.

ఫ్లాపీ అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు గనక చెప్పాలి. అది అరచేతిలో పట్టే నల్లటి చదరపు ప్లాస్టిక్కు బిళ్ల. పెన్‌డ్రైవులు పుట్టకముందు కంప్యూటర్లో రాసుకున్నదాన్ని అందులో దాచుకునేవాళ్లు. ఇప్పటి ఫోనులో తీసిన ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అలాంటిదాని కోసం అరవై మూడేళ్ల మనిషి ఎనిమిది నెలలపాటు పల్నాడంతా జల్లెడ పట్టాడు. ఆ ఎనిమిది నెలలూ అతన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని తిప్పినవాడు నాగేశ్వరరావు.

నాగేశ్వరరావు బ్యాంకులో హెడ్ క్యాషియరుగా పనిచేసి రిటైరయ్యాడు. అది పొట్ట కోసం. ప్రాణం మాత్రం హార్మోనియం. పద్యనాటకాల్లో నలభై ఏళ్లుగా స్టేజీకి ఎడమపక్క కూర్చుని రాజులకు, మంత్రులకు, రాక్షసులకు శ్రుతి ఇచ్చినవాడు. రహీమూ ఆయనా చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్లు. కాబట్టి రహీమ్ భార్య ఖాతూన్ బీకి ఆయన అన్నయ్య. ఆయన భార్య ఆదిలక్ష్మమ్మకు రహీమ్ అన్నయ్య.

నాగేశ్వరరావు చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్పేయడం మంచిది. ఆయన చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఈ మాట ఆయనదే. “నా చెవులకేంది? చీమ నడిచినా ఇనపడుద్ది. ఈ జనమే నోట్లో గొణుక్కుంటన్నారు” అంటాడు. ఒకసారి చెవి డాక్టరుకు చూపించుకో బావా అన్నందుకు సొంత బావమరిదితో రెండేళ్లుగా మాటల్లేవు. కూతురు పూర్ణిమ మద్రాసు నుంచి చెవిలో పెట్టుకునే మిషను ఒకటి తెచ్చింది. దాన్ని పెట్టుకుని హార్మోనియం ముట్టుకుంటే కుక్కరు కూతలాగా కూసింది. ఆయన దాన్ని పీకి రహీమ్ షాపులో స్క్రూల డబ్బాలో పడేశాడు. దానికీ ఈ ఫ్లాపీల గొడవకీ ఏమీ సంబంధం లేదని ఆయన ఉద్దేశం.

రహీమ్‌ది స్టేషన్ రోడ్డులో రేడియో రిపేరు షాపు. రేడియోలు పోయాయి, పెట్టె టీవీలు పోయాయి, బోర్డు మిగిలింది. ఇప్పుడు వచ్చేవన్నీ మిక్సీలు, కరెంటు కుక్కర్లు. వాటిని అతను ఎడంచేత్తో బాగుచేస్తాడు. కుడిచెయ్యి వెనకగదిలోని కొలిచే మిషన్ల కోసం. కరెంటు కొలిచేది, శబ్దం కొలిచేది, ఏం కొలుస్తుందో దాన్ని చేసినవాడికే తెలియనిది. అన్నీ మూతపడ్డ లాబొరేటరీల వేలంపాటల్లో పాడుకొచ్చినవే. “కొలవకుండా చెప్పేది జోస్యం బావా. కొలిచి చెప్పేదే రిపేరు” అంటాడు. ఒకసారి ఖాతూన్ బీ గురకను కూడా కొలిచి కాగితం మీద గీత గీసి చూపించాడు. ఆ కాగితం ఆ ఇంట్లో ఎక్కువసేపు బతకలేదు.

నిరుడు హైదరాబాదులో మూతపడ్డ ఏదో ఫ్యాక్టరీ వేలంలో అతనొక పెద్ద మిషను తెచ్చాడు. ఇరవై రెండు కిలోలు. ముందు ఆకుపచ్చ తెర, కింద ఫ్లాపీ పెట్టే సందు. స్విచ్చి వేస్తే ‘డిస్కు పెట్టండి’ అని ఇంగ్లీషులో అడిగి ఊరుకుంటుంది. పొద్దున టీ పడందే మంచం దిగని మనిషి ఎలాగో, ఫ్లాపీ పడందే లేవని మిషను అది. దాంతోపాటు వచ్చిన ఒక్కగానొక్క ఫ్లాపీకి బూజు పట్టింది. అందులోని ప్రోగ్రాంను మాత్రం రహీమ్ ఎలాగో రాబట్టి తన పాత కంప్యూటర్లో దాచాడు. ఇక దాన్ని రాసి మిషనుకు పెట్టడానికి మంచి ఫ్లాపీ ఒక్కటి కావాలి.

నాగేశ్వరరావు దాన్ని చూసి, “ఏందిరా ఇది?” అని అడిగాడు.

“ఇది ఇనపడే మిషను బావా!” అని గట్టిగా చెప్పాడు రహీమ్.

నాగేశ్వరరావు దాన్ని ఒక మూల పట్టి లేపి చూశాడు. “ఇనప మిషనేలే. బరువు తెలుస్తానే ఉంది” అన్నాడు.

రహీమ్ రెండోసారి చెప్పే ప్రయత్నం చేయలేదు.

ఊళ్లో అందరికంటే ముందు రహీమ్ ఫ్లాపీ అడిగింది నాగేశ్వరరావునే. ఓ రోజు పొద్దున్నే వెళ్లి అరుగు మీద కూర్చుని, “బావా, మీ ఇంట్లో ఫ్లాపీ ఉందా?” అన్నాడు.

“ఉండకేం! ఆదిలక్ష్మీ, రహీముకి కాఫీ పెట్టు!” అని లోపలికి కేకేశాడు నాగేశ్వరరావు.

రహీమ్ కాఫీ తాగి వెళ్లాడు. మర్నాడు వచ్చి మళ్లీ అడిగాడు. మళ్లీ కాఫీ వచ్చింది. సరిగ్గా వినపడలేదు బావా అనాలంటే చెవుల ప్రస్తావన వస్తుంది. బావమరిది గతి రహీమ్‌కు తెలుసు. అందుకని ఎనిమిది నెలలూ రోజూ అడిగాడు, రోజూ తాగాడు.

మొదటి వారంలోనే ఒక పనికిరాని ఫ్లాపీని అరచేతిలో పెట్టి చూపించి, ఇలాంటిది వెతకాలి, స్కూటరు తియ్యి అన్నాడు. అప్పుడు గాని నాగేశ్వరరావుకు అర్థం కాలేదు.

“ఉత్త ఫ్లాపీ కాదు బావా, డీడీ రకం కావాలి!”

“డీడీయా? ఇంత చిన్న పనికి పల్నాడంతా తిరగడమేందిరా? బ్యాంకులో ఫారం నింపి ఇయ్యి. ఎవరి పేరు మీద తియ్యాలి? పేయబుల్ ఎట్ గుంటూరా, హైదరాబాదా?”

ఆ తర్వాత నలభై నిమిషాలు నాగేశ్వరరావు డిమాండ్ డ్రాఫ్టు గురించి చెప్పాడు. రహీమ్ విన్నాడు. ఆ రోజునుంచి డీడీ అన్న మాట మానేసి, ఆనవాలు పట్టుకున్నాడు. తనకు పనికొచ్చే రకానికి ఒక మూలనే చిన్న బొక్క ఉంటుంది. తర్వాత వచ్చిన రకానికి రెండు మూలలా రెండు బొక్కలుంటాయి. రెండు బొక్కలది రాసుకున్నట్టే రాసుకుంటుంది, వారంలో మర్చిపోతుంది. కాబట్టి కావలసింది ఒక బొక్క ఫ్లాపీ.

“ఆన్‌లైన్‌లో తెప్పించుకోరాదా?” అని ప్రతివాడూ అడిగేవాడు. తెప్పించాడు. పది వచ్చాయి. అవి ఫ్లాపీ ఆకారంలో చేసిన, టీ కప్పుల కింద పెట్టుకునే బిళ్లలు. బొక్క కూడా సరిగ్గా ఒకటే ఉంది. ఖాతూన్ బీ వాటిని వాడుకలో పెట్టింది. ఇంటికొచ్చిన చుట్టాలు కప్పెత్తినప్పుడల్లా రహీమ్ మొహం పక్కకు తిప్పుకునేవాడు.

అలా మొదలైంది తిరుగుడు. నాగేశ్వరరావు స్కూటరు నడపడంలో పద్ధతైన మనిషి. “నా వెనక ఎవడూ హారన్ కొట్టడు రహీమూ, గమనించావా? అంత నీటుగా తోల్తా” అనేవాడు. పిడుగురాళ్ల రోడ్డులో సున్నపురాయి టిప్పరు రెండు కిలోమీటర్లుగా వెనకే హారన్ మోగిస్తుంటే, రహీమ్ వెనక్కి తిరిగి డ్రైవరుకు రెండు చేతులెత్తి దణ్ణం పెడుతూ, “నిజమే బావా!” అని ముందుకు కేక పెట్టేవాడు.

పిడుగురాళ్లలో లారీల కాటా దగ్గర సామ్యేలు అని పాత గుమాస్తా ఉన్నాడు. అతని గదిలో అన్నిటి మీదా సున్నం పొడే. రహీమ్ వెళ్లగానే, “సామ్యేలన్నా, పాత ఫ్లాపీ ఉందా?” అన్నాడు. సామ్యేలు అర్థంకానట్టు చూశాడు. అప్పుడు రహీమ్ గొంతు తగ్గించి నాలుగు ముక్కలేవో చెప్పాడు. నాగేశ్వరరావుకు అవి వినపడలేదు. రహస్యం కాబోలు అని గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. సామ్యేలు వెంటనే లేచి నాగేశ్వరరావును కుర్చీలో కూర్చోబెట్టి, ఫ్యాను ఆయనవైపు తిప్పి, గోళీసోడా తెప్పించాడు. బీరువా అంతా తిరగేసి పన్నెండు ఫ్లాపీలు తీశాడు. పన్నెండింటికీ రెండేసి బొక్కలు.

“ఇంకా చూస్తానుండు రహీమూ. పాపం, పెద్దాయన…” అంటున్నాడు సామ్యేలు. నాగేశ్వరరావు చూస్తే ఆ కళ్లల్లో ఎంతో గౌరవం కనపడింది. పల్నాట్లో కళాకారుణ్ణి ఇంకా గుర్తుపట్టే మనుషులున్నారని ఆయనకు తృప్తి కలిగింది.

ఎక్కడికి వెళ్లినా ఇదే తంతు. రహీమ్ అడుగుతాడు, గొంతు తగ్గించి ఏదో చెబుతాడు, ఆ ఇంటివాళ్లు నాగేశ్వరరావు వైపు తిరిగి మెత్తబడిపోతారు. బొల్లాపల్లిలో ఒక రైతు ఇల్లాలు రెండు బొక్కల ఫ్లాపీ ఒకటి ఇచ్చి, ఆయనకు కాఫీలో రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసింది. శావల్యాపురంలో ఒకాయన ఒకప్పుడు కంప్యూటరు సెంటరు నడిపి, ఇప్పుడు దాణా అమ్ముతున్నాడు. అతను నాగేశ్వరరావును చేయి పట్టుకుని మరీ జొన్నచేలోకి తీసుకెళ్లాడు. పిట్టలు బెదరడానికి సీడీలు వేలాడదీస్తారని విని, సీడీలు లేక తన సెంటరులోని ఫ్లాపీలన్నీ దారాలకు కట్టి వేలాడదీశాడట. సీడీలు మెరుస్తాయి, ఫ్లాపీలు మెరవవు. ఒక్కో ఫ్లాపీ మీద ఒక్కో పిచ్చుక కూర్చుని తీరిగ్గా ఊగుతోంది. రహీమ్ అరవై ఫ్లాపీలకూ బొక్కలు లెక్కపెట్టాడు. ఒక బొక్కవి మూడే దొరికాయి. మూడూ రెండు వానాకాలాలు తడిసినవి.

మాచర్లలో మాత్రం సంగతి కాస్త అడ్డం తిరిగింది. అక్కడ వాళ్లు వెళ్లిన ఇంటికి మిర్యాలగూడెం నుంచి వియ్యంకుడు వచ్చి ఉన్నాడు. కృష్ణ ఇవతల బొక్క అంటే రంధ్రం. అవతల బొక్క అంటే ఎముక. నది మధ్యలో ఏమంటారో తెలియదు.

“డిస్కు కోసం తిరగతన్నామండీ. ఒక బొక్కదైతే చాలు” అన్నాడు రహీమ్.

వియ్యంకుడు ఉలిక్కిపడి లేచాడు. “డిస్కు జరిగిందా? మరి గట్ల స్కూటరు మీద తిరుగుతరా ఎవరన్న? ఏ బొక్క?”

“ఒక బొక్కదండీ. రెండు బొక్కలయితే పనికిరావు.”

“రెండు బొక్కలు పోయినా మా ఊళ్ల డాక్టరు సెట్ చేస్తడు. పరేషాన్ కావద్దు.”

“రెండోదానికి టేపేసి కూడా చూశానండీ. వారం కూడా ఆగలా.”

“బొక్కకు టేపేసినవా!” ఆయన గుండెమీద చెయ్యేసుకున్నాడు. “కట్టు కట్టాలె గని టేపు ఎవడేస్తడయ్యా!”

నాగేశ్వరరావుకు ఆ మనిషి చాలా నచ్చాడు. గొంతు స్పష్టంగా ఉంది, అందరిలా గొణగడం లేదు. ఆ ఇంటివాళ్లు నవ్వాపుకుని విషయం విడమర్చేసరికి, వియ్యంకుడు రహీమ్‌ని మంచం మీద బోర్లా పడుకోబెట్టి నడుముకు నూనె కూడా రాశాడు. అంతా విన్నాక ఆయన ఏమీ సిగ్గుపడలేదు. మిగిలిన నూనె సీసా రహీమ్ చేతిలో పెట్టాడు. నెల తిరక్కుండా ఖాతూన్ బీ మోకాళ్ల నొప్పులు తగ్గాయి. ఆ తిరుగుడంతటికీ అప్పటికి కనపడిన లాభం అదొక్కటే.

“పరిషత్తులోపు దొరకాలి బావా” అని రహీమ్ దారిపొడుగునా కేక పెడుతూనే ఉన్నాడు. మే నెలలో నరసరావుపేటలో నాటక పోటీలు. ఇనప మిషనుకు నాటకాల పోటీలతో ఏం పనో నాగేశ్వరరావుకు అంతుపట్టలేదు. ఆయనకు మాత్రం ఆ పోటీలతో చాలా పనుంది. నిరుడు అక్కడ చిన్న పొరపాటు జరిగింది. రాజు వేషం వేసిన నవీన్ ఒక శ్రుతిలో పద్యం ఎత్తుకుంటే, హార్మోనియం ఇంకో శ్రుతిలో నడిచింది. ఎలాగో రాజు చచ్చిపోయాడు. హార్మోనియం ఆగలేదు. రాజు చచ్చి నాలుగు నిమిషాలయినా ఆగలేదు. చివరికి శవం తలెత్తి, “చాలు బాబాయ్!” అంది. జనం విరగబడి నవ్వారు. నాగేశ్వరరావు దాన్ని చప్పట్లనుకుని లేచి దణ్ణం పెట్టాడు.

పోటీలు మూడు వారాలున్నాయనగా నవీన్ ఇంటికి వచ్చాడు. స్కూలు మాస్టారు, మర్యాదస్తుడు. కాసేపు చాప అంచు లాగుతూ కూర్చున్నాడు.

“బాబాయ్, ఈసారికి మీరు రెస్టు తీసుకోండి. కీబోర్డు పెట్టుకుంటున్నాం.”

అతను గట్టిగా ఏమీ అనలేదు. మామూలుగానే అన్నాడు. ఆ మాట మాత్రం నాగేశ్వరరావుకు మొదటిసారికే వినపడింది.

ఆ రోజంతా ఆయన అన్నం ముట్టలేదు. నలభై ఏళ్లుగా స్టేజీకి ఎడమపక్క ఉన్న ఆ రెండడుగుల చోటు తప్ప ఆయనకు ఈ లోకంలో ఇంకేదీ తనది అనిపించలేదు. మర్నాడు పొద్దున్నే రహీమ్ వచ్చి, “ఫ్లాపీ ఉందా బావా?” అంటే కాఫీ కూడా చెప్పలేదు.

“ఈ పెట్టె తీసుకుపో రహీమూ. నీ ఇనప సామానులో కలిపెయ్. కళ్లముందుంటే నావల్ల కాదు.”

రహీమ్ తలొంచుకుని హార్మోనియాన్ని పీట మీదనుంచి లేపాడు. బరువు తగ్గగానే పీట ఒకపక్కకు ఒరిగింది. దాని కాలొకటి పొట్టిది. ఆ కాలి కింద ఎత్తుకోసం ఏదో నల్లటిది పెట్టి ఉంది. రహీమ్ హార్మోనియాన్ని మెల్లగా కింద పెట్టి, మోకాళ్ల మీద వంగి, దాన్ని లాగి, లుంగీతో దుమ్ము తుడిచాడు. వెలుతురుకు ఎత్తిపట్టి ఒక మూల చూశాడు. రెండో మూల చూశాడు. మళ్లీ మొదటి మూల చూశాడు.

“బావా!” అతను దాన్ని ఆయన కళ్లముందు పెట్టాడు. “ఒక బొక్క!”

దానిమీద చీటీ కూడా ఉంది. ‘1998 మార్చి, స్పేర్’ అని నాగేశ్వరరావు సొంత దస్తూరీ. బ్యాంకుకు కంప్యూటర్లు వచ్చిన కొత్తలో జేబులో పడి ఇంటికొచ్చిన ఖాళీ బిళ్ల. పీట ఊగుతోందని ఆయనే దూర్చాడు, ఆయనే మర్చిపోయాడు.

ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోంచి చూసి నెత్తి కొట్టుకుంది. “చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా ఎతికినట్టుంది మీ యవ్వారం!”

నాగేశ్వరరావుకు కోపమొచ్చింది. “ఊళ్లన్నీ తిప్పావే, మా ఇంట్లో ఉందా అని ఒక్కసారన్నా అడిగావా?”

రెండు వందల నలభై కాఫీలు తాగిన రహీమ్ ఆయనవైపు చూశాడు. ఆదిలక్ష్మమ్మ వైపు చూశాడు.

“లేదు బావా. అడగలా. తప్పు నాదే” అన్నాడు. ఫ్లాపీని ఒక చంకలో, హార్మోనియాన్ని రెండో చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అయిదు రోజులు షాపు తెరవలేదు. మిక్సీలు ఇచ్చినవాళ్లు తలుపు తట్టి, తిట్టి, వెళ్లారు. ఆరోరోజు కబురు పెట్టాడు. నాగేశ్వరరావు వెళ్లేసరికి వెనకగదిలో ఇనప మిషను లేచి ఉంది. ఆకుపచ్చ తెర మీద గీతలు పరుగెడుతున్నాయి. పక్కన హార్మోనియం. దాని ముందు, స్క్రూల డబ్బాలో ఉండవలసిన పూర్ణిమ తెచ్చిన చెవి మిషను.

నాగేశ్వరరావు మొహం ఎర్రబడింది. “రహీమూ!”

“ముందు నే చెప్పేది ఇను బావా!” రహీమ్ గొంతు చించుకుని కేక పెట్టాడు. “నీ చెవులకేం కాలా! నీ పెట్టె గొంతు పోయింది! కొలిచా, కాయితం మీద గీసి చూపిస్తా! ముసల్దయింది పాపం, గట్టిగా పలకలేకపోతంది! మిషను దానికే పెట్టాలి. కానీ దానికి చెవుల్లేవు గదా! అందుకని నీ చెవిలో పెడతన్నా!”

నాగేశ్వరరావు హార్మోనియం వైపు చూశాడు. నిజమే, దానికీ అరవై ఏళ్లుంటాయి. మెట్లు పసుపుపచ్చబడ్డాయి. దానిమీద ఆయనకు జాలేసింది.

“దాని కోసమైతే సరే” అన్నాడు.

రహీమ్ ఆ చిన్న మిషను ఆయన చెవిలో పెట్టి, గడ్డిపరకంత స్క్రూడ్రైవరుతో అందులోని మరను తిప్పాడు. తెర చూశాడు, హార్మోనియం మెట్టు నొక్కాడు, మళ్లీ తిప్పాడు. అమ్మే కంపెనీలు దాన్ని మాటలు వినడానికని సర్ది ఇస్తాయి. హార్మోనియం వినడానికని ఎవడూ సర్దడు. అది కొలిచి సర్దాలంటే ఆ ఇరవై రెండు కిలోల మిషను కావాలి, ఆ మిషను లేవాలంటే ఒక బొక్క ఫ్లాపీ కావాలి. అంతే సంగతి.

గంటసేపు అలా సాగింది. ఉన్నట్టుండి నాగేశ్వరరావు తలెత్తాడు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. బయట ఎవరో పుచ్చకాయలమ్ముతున్నారు. హార్మోనియం తిత్తి ఊపిరి పీల్చి వదులుతున్న చప్పుడు. అది విని పదేళ్లయిందని ఆయనకు అప్పుడే తెలిసింది.

“ఎట్టా ఉంది బావా?” అని కేకేశాడు రహీమ్.

“ఎందుకురా అట్టా అరుస్తావు? చెవుడా నాకు?”

రహీమ్ గొంతు తగ్గించి, మామూలుగా, “ఎట్టా ఉంది బావా?” అన్నాడు.

“బాగుంది” అన్నాడు నాగేశ్వరరావు. తిత్తి ఇంకోసారి లాగి చెవి ఒగ్గాడు.

గుమ్మం దగ్గర ఖాతూన్ బీ నిలబడి ఉంది. “యా అల్లా! మా ఆయన గొంతు ఇంత మెత్తగా ఉంటదని పెళ్లిలో ఇన్నా అన్నయ్యా, మళ్లీ ఇయ్యాలే ఇన్నా. పదేళ్లనించి నీతో మాట్లాడొచ్చి రాత్రిపూట ఉప్పునీళ్లు పుక్కిలిస్తానే ఉన్నాడు” అంది.

ఆ వారమే రిహార్సల్లో నవీన్ పద్యం మధ్యలో కావాలని శ్రుతి మార్చాడు. హార్మోనియం అతని వెంటే వెళ్లింది. ఇంకోసారి మార్చాడు. ఇంకోసారి వెళ్లింది. కీబోర్డు ఆటోలో తిరిగి వెళ్లిపోయింది.

పోటీల రోజు సాయంత్రం ఆరున్నరకు తెర లేచింది. నాగేశ్వరరావు తన రెండడుగుల చోట్లో కూర్చుని హాలువైపు చూశాడు. మొదటి నాలుగు వరసల్లో అన్నీ ఎరిగిన మొహాలే. కాటా సామ్యేలు ఉతికిన చొక్కాతో వచ్చాడు, సున్నం ఎక్కడా కనపడలేదు. బొల్లాపల్లి ఇల్లాలు, శావల్యాపురం దాణా ఆయన, మాచర్లవాళ్లు, వాళ్లతో మిర్యాలగూడెం వియ్యంకుడు కూడా. అందరూ నాటకం చూడటం మాని తన చెవివైపు చూస్తున్నట్టు ఆయనకు అనుమానం వచ్చింది.

పద్యం మీద పద్యం పడింది. రాజు చచ్చిపోయాడు. హార్మోనియం ఆ క్షణానే ఆగింది. శవం మాత్రం పాత అలవాటుకొద్దీ ఒక కన్ను తెరిచి ఎడమపక్కకు చూసి, మళ్లీ మూసుకుంది. నాలుగు వరసలూ లేచి చప్పట్లు కొట్టాయి. ఈసారి నిజంగా చప్పట్లే. నాటకానికి బహుమతి రాలేదు, అది వేరే సంగతి.

అయిపోగానే సామ్యేలు స్టేజీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “బాగా ఇనపడతందా సార్ చెవి?”

రెండేళ్లలో, రహీమ్ తప్ప, ఆయన ముందు చెవి అన్న మాట అని బతికి బయటపడ్డ మొదటి మనిషి సామ్యేలు. వెనకే బొల్లాపల్లి ఇల్లాలు, “మా ఫ్లాపీ పనికొచ్చిందా అన్నా?” అంది. వియ్యంకుడు, “నేను గప్పుడే అన్న, సెట్ అయితదని!” అన్నాడు.

నాగేశ్వరరావు మెల్లగా రహీమ్ వైపు తిరిగాడు. “వీళ్లందరికీ ఎవరు చెప్పారు?”

“నేనే బావా.”

“ఎప్పుడు?”

“నీ పక్కన నిలబడే చెప్పా. ఇంటింటికీ చెప్పా. మా బావకు ఇనపడటల్లేదు, పరిషత్తులోపు పెట్టె ముందు కూర్చోబెట్టాలి, ఒక్క ఫ్లాపీ ఉంటే చూడండి అని.”

“నా ముందేనా?”

“యాభై మూడు ఇళ్లల్లో. నీ ముందే.”

నాగేశ్వరరావుకు గోళీసోడా, తనవైపు తిరిగిన ఫ్యాను, రెండు చెంచాల పంచదార వరసగా గుర్తొచ్చాయి. చివరికి, “ఇనప మిషను అన్నావు గదరా!” అన్నాడు.

“ఇనపడే మిషను అన్నా బావా.”

ఆయనకు నవ్వొచ్చింది. ఎంత నవ్వంటే, చెవిలో మిషను ఊడి రహీమ్ చేతిలో పడింది. ఆ నవ్వు మధ్యలోనే రహీమ్ భుజం మీద చెయ్యేసి, ఆ చెయ్యి చాలాసేపు తియ్యలేదు. మర్నాడు బావమరిదికి ఫోను చేసి గంటసేపు మాట్లాడాడు.

రహీమ్ బుద్ధి మాత్రం మారలేదు. ఒకటి చెడితే ఇంకోటి ఉండాలని అతని సిద్ధాంతం. మూడోరోజు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుని, “బావా, మీ ఇంట్లో ఇంకో ఫ్లాపీ ఉందా?” అన్నాడు. అరవకుండానే అన్నాడు.

“ఉండకేం! ఆదిలక్ష్మీ, రహీముకి కాఫీ పెట్టు!”

రహీమ్ మొహం పాలిపోయింది. జేబులోంచి గడ్డిపరకంత స్క్రూడ్రైవరు తీసి, “మర వదులైనట్టుంది బావా, ఏదీ ఇటు తిరుగు” అని దగ్గరికి జరిగాడు.

“మర బాగానే ఉంది, కూర్చో. ఫ్లాపీ అన్నావని ఇనపడింది” అన్నాడు నాగేశ్వరరావు. “ముందు కాఫీ తాగు. తర్వాత స్కూటరు తీస్తా.”